కనబడని ఇరవై అడుగులు

ఏటేటా ఈ సంచికకు మేము ప్రబంధ కవులను గూర్చియో, శతక వాఙ్మయాన్ని గూర్చియో నాలుగు పుటలు వ్రాసి ఇవ్వడం వాడుక. ఈసారి సంపాదకులు, మా ఉర్దూ శాఖ మిత్రులు, వచ్చి "ఏ కవిని ఎత్తుకొన్నారు?" అని అడిగారు. కవిని కాదు, ప్రేగును ఎత్తుకొన్నామన్నాము. వారు నవ్వలేదు. కొంతకాలంగా తరగతికీ తరగతికీ నడుమ మేము ఎక్కడికి పరుగులు తీస్తున్నామో వారికి తెలుసు. మేము వైద్యులం కాము. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన రెండేండ్లూ, 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి ముందునుండి ఎన్నిమారులు పోయి ఉంటామో లెక్క లేదు గాని, ఆ గోడల వెనుక ఏమి జరుగుతున్నదని ఒక్కనాడూ ఆలోచించిన పాపాన పోలేదు. అయినా ఒక మనిషి కడుపులోని జానెడు మేరను అర్థం చేసుకొనడానికి మా ఇంటిల్లిపాదికీ పదునెనిమిది నెలలు పట్టింది. ఆ తెలిసిన కొద్దినీ మా విద్యార్థుల ఇండ్లలోని పెద్దల కోసం ఇక్కడ వ్రాసి పెడుతున్నాము.

ఆ మనిషి మా పెదనాన్నగారు. మేము బడే అబ్బా అని పిలుస్తాము. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో నలభై ఏండ్లు కాటా దగ్గర గుమాస్తాగా నిలిచినవారు. మా పసితనంలోనే మా తండ్రిగారు గతించగా, మమ్మల్ని బడికి పంపినదీ, విశ్వవిద్యాలయం దాకా నడిపించినదీ ఆ కాటా జీతమే. ఆయనకు జబ్బంటే చిన్నచూపు. జ్వరం వచ్చినా మార్కెట్టు మానేవారు కారు.

2021 మే నెలలో ఆయనకు కోవిడ్ సోకి ఇంట్లోనే నయమైంది. ఆ వానాకాలం నుండి నీరసం పట్టుకొన్నది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, ముఖం పాలిపోయింది. ఊరంతా ఆ రోజులలో అదే మాట, కోవిడ్ తరువాతి నీరసమని. మేమూ అదే అనుకొన్నాము. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. పురుషులకు పదమూడుకు తగ్గరాదట. ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు వ్రాసి ఇచ్చారు.

ఫోలిక్ ఆమ్లం అన్న మాట దగ్గర తెలుగువాడు ఒక్క క్షణం ఆగక తప్పదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను స్ప్రూ అను వ్యాధికి పోగొట్టుకొన్నారు. అది చిన్న ప్రేగు వ్యాధియే. తిన్న ఆహారంలోని సారాన్ని ప్రేగు పీల్చుకొనలేక మనిషి ఎండిపోతాడు. ఆయన అమెరికాకు పోయి, లెడర్లీ సంస్థలో ఉండగా, 1945లో ఆయన బృందంవారు ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూకు అది మందయింది. అంతటితో కథ ముగియలేదు. ఆ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే పదార్థాలను కూడా అదే ప్రయోగశాలలో చేసి ఇవ్వగా, బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు వాటిలో ఒకదానిని రక్తకేన్సర్ సోకిన పసిపిల్లలకు ఇచ్చి, కొంతకాలమైనా వ్యాధి వెనుకకు తగ్గుతున్నదని 1948లో ప్రకటించాడు. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు. కేన్సర్‌ను మందుతో ఎదుర్కొనవచ్చునన్న ఆశకు ఒక కొస మన భీమవరంలో ఉన్నదన్నమాట. ఇదంతా మేము మాత్రల అట్టను చేత పట్టుకొని బడే అబ్బాకు చెప్పాము. ఆయన విని, "మనవాడు చేసిన మందైతే పనిచేస్తుందిలే" అన్నారు.

మాత్రలు వాడినంతకాలం ఆ అంకె పదికి పోయేది. ఆపిన రెండు నెలలకు మరల ఎనిమిదికి దిగేది. మూడుమారులు ఇట్లే జరిగింది. రక్తం ఎంత తగ్గిందని చూచామే గాని, ఎటు పోతున్నదని మేమూ అడుగలేదు, చూస్తున్నవారూ అడుగలేదు. ఇంటి తొట్టిలో నీరు నిలువకుంటే ఎవరైనా చిల్లు వెదుకుతారు. మేము చెంబుతో నీళ్ళు పోస్తూ కూర్చున్నాము.

ఇక్కడ సభ్యత కొంచెం అడ్డు వచ్చినా ఒక సంగతి విప్పి చెప్పవలె. ఇనుము మాత్రలు మింగేవారికి మలం నల్లగా అవుతుంది. అందులో భయపడవలసినది లేదు. కాని కడుపులోగాని, ప్రేగు పైభాగంలోగాని రక్తం కారినా, అది జీర్ణరసాలలో నాని నల్లబడే బయటికి వస్తుంది. దాని తీరు వేరు. తారువలె జిగటగా, విపరీతమైన దుర్గంధంతో ఉంటుంది. బడే అబ్బా ఆ తేడాను తామే గమనించారట. మందుల దుకాణంలో అడిగితే "ఐరన్ మాత్రలకు అలాగే అవుతుంది" అన్నారట. ఆ మాట చాలినది. మాకు చెప్పలేదు. ఆ ఏడు ఆయన కడగొట్టు కుమార్తె వివాహం కుదిరి ఉన్నది; ఆసుపత్రి అంటే డబ్బు, డబ్బంటే ఆ పెండ్లి. చికిత్స కోసం మింగిన మాత్ర నలుపు వెనుక వ్యాధి నలుపు దాగింది, దాని వెనుక ఆయన దాగారు.

2022 రంజాన్ నెలలో కడుపునొప్పి మొదలైంది. ఇఫ్తార్ అయిన గంటకు బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వచ్చి, కాసేపటికి సద్దుమణిగేది. రోజాల వలన అనుకొన్నాము. ఈద్ పోయినా నొప్పి పోలేదు. అప్పుడు గ్యాస్ అనుకొన్నాము. వాము, జీలకర్ర, పుల్లని మజ్జిగ, ఎవరి సలహా వారిది. మనిషి ఆరు కిలోలు తగ్గాడు. చివరకు నోటిలోనుండి గొట్టం వేసి చూచారు. కడుపులో పుండు లేదన్నారు. క్రిందనుండి వేసి చూచారు. పెద్ద ప్రేగు శుభ్రంగా ఉన్నదన్నారు. ఆ రెండు కాగితాలు చేతికి వచ్చిన రోజున మా ఇంట మిఠాయి పంచుకొన్నామంటే నేడు మాకే సిగ్గుగా ఉన్నది. తరువాత ఒక వైద్యులు కడుపు టీబీ కావచ్చునని ఆ మాత్రలు రెండు నెలలు వాడించారు. ఆ అనుమానం అర్థం లేనిది కాదు. చిన్న ప్రేగు చివరి భాగానికి క్షయ సోకడం మన దేశంలో అరుదు కాదు. నొప్పి, సన్నబడడం, రక్తహీనత అందులోనూ ఉంటాయి. అయితే ముక్క తీసి పరీక్షించి తేల్చుకొనకుండా అనుమానానికే మందు వాడినప్పుడు, అసలు జబ్బు వేరైతే, దానికి రెండు నెలల గడువు ఇచ్చినట్టే.

2023 జనవరిలో విశాఖలో ఒక యువ వైద్యుడు మా కాగితాల కట్ట అంతా తిరుగవేసి, మమ్మల్ని చూచి ఒక్క ప్రశ్న వేశాడు: "పైనుంచి చూశారు, కిందినుంచి చూశారు. మధ్యలో ఎవరు చూశారు మాస్టారూ?"

మధ్యలో అనగా ఎంత? మేము ఇంటికి వచ్చి చదువుకొన్నాము. చిన్న ప్రేగు అన్న పేరు దాని వెడల్పును బట్టి వచ్చినదే గాని పొడవును బట్టి కాదు. పెద్ద ప్రేగు అయిదడుగులైతే చిన్న ప్రేగు సుమారు ఇరవై అడుగులు. నోటినుండి వేసే మామూలు గొట్టం దాని మొదటి భాగమైన ఆంత్రమూలంలో కొంతమేర వరకే పోగలదు. క్రిందనుండి వేసే గొట్టం చివరి కొన్ని అంగుళాలను మాత్రమే తొంగిచూడగలదు. నడుమ ఉన్నదంతా చీకటియే. జీర్ణమార్గం పొడవులో నాలుగింట మూడు వంతులు ఈ చీకటి ప్రేగే అయినా, జీర్ణమార్గపు కేన్సర్లలో ఇక్కడ పుట్టేవి నూటికి అయిదుకు లోపే. ఆహారం ఇక్కడ ద్రవరూపంలో త్వరగా సాగిపోవడం, లోపలి పొర కణాలు కొద్ది రోజులకే రాలి క్రొత్తవి రావడం ఇందుకు కారణాలు కావచ్చునంటారు. అరుదైనది గనుక అనుమానించరు. అనుమానించరు గనుక ఆలస్యమవుతుంది. మా విషయంలో జరిగినది అక్షరాలా ఇదే.

నేడు ఈ చీకటిలోకి పోవడానికి దారులు లేకపోలేదు. 2000 ప్రాంతంలో ఇజ్రాయేలు దేశపు ఇంజనీరు గావ్రియేల్ ఇద్దాన్ బృందంవారు మింగే కెమెరాను లోకానికి చూపారు. పెద్ద మాత్రంత గుళిక, ఎనిమిది గంటలపాటు క్షణానికి రెండేసి బొమ్మలు తీస్తూ, తానే ప్రేగు వెంట జారిపోతుంది. ఎక్కడైనా ప్రేగు ఇరుకైతే అక్కడ చిక్కుకొనే ప్రమాదమున్నది గనుక ముందు స్కాను తీస్తారు. జపానులో యమమోతో అను వైద్యుడు రెండు బెలూన్ల సాయంతో ప్రేగును మడతలు మడతలుగా గొట్టం మీదికి లాక్కొంటూ లోపలికి పోయే పద్ధతి కనిపెట్టాడు. దానితో ముక్క కూడా తీయవచ్చును. బడే అబ్బాకు ఇవేవీ అవసరపడలేదు. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసిన సీటీ స్కానులోనే దొరికింది. ఏడు సెంటీమీటర్ల కణితి, చిన్న ప్రేగు రెండవ భాగమైన జెజునంలో.

భాషా పంతుళ్ళం గనుక ఆ పేరు వెంట పోకుండా ఉండలేకపోయాము. జెజునం అన్న లాటిను మాటకు ఉపవాసమున్నదని అర్థం. ప్రాచీనులు మృతదేహాలను పరిశీలించినప్పుడు ఈ భాగం ఎప్పుడూ ఖాళీగా కనబడేదట. అరబ్బీ వైద్యులు దానికి ఇచ్చిన పేరు సాయిమ్. రోజా ఉన్నవానిని మనం ఏమంటామో అదే మాట. డెబ్బది ఏండ్లు దాటినా ఒక్క రోజా వదలని మనిషికి, ఆ పేరు గల చోటనే కణితి! మా ఉర్దూ మిత్రులకు చెప్పగా వారు చాలాసేపు మాటలాడలేదు.

చిన్న ప్రేగులో పుట్టే కణితులన్నీ ఒకటి కావు. పేరు తెలిస్తేగాని చికిత్స తెలియదు. లోపలి పొరలో పుట్టే ఎడినోకార్సినోమా ఎక్కువగా ఆంత్రమూలంలో వస్తుంది. దానిని కోసి తీయవలె, తరువాత చాలమందికి మందులు ఎక్కించవలె. ఆ మందులలో ఒకదాని బలం పెంచడానికి ఇచ్చే ఫోలినిక్ ఆమ్లం మన సుబ్బారావుగారి ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమే. కార్సినాయిడ్ అని మరొకటి, 1907లో జర్మనీ వైద్యుడు ఓబెర్న్‌డోర్ఫర్ పేరు పెట్టినది, ఏండ్ల తరబడి నిదానంగా పెరుగుతుంది. కాలేయానికి ప్రాకితే ముఖం జేవురించడం, విరేచనాలు కనబడతాయి. లింఫోమాకు మందులే ప్రధానం. పెదవుల మీద నల్లమచ్చలతో వంశంలో వచ్చే ఒక జబ్బులోను, ఏండ్ల తరబడి ప్రేగు వాచి ఉండే క్రాన్స్ వ్యాధిలోను ఈ ప్రేగుకు కేన్సర్ భయం ఎక్కువ. మాకు వచ్చినది వీటిలో ఏదీ కాదు. ప్రేగు గోడలో, కండర పొరల నడుమ, ప్రేగు కదలికకు తాళం వేసే కణాలుంటాయి. స్పెయిను శాస్త్రజ్ఞుడు కహాల్ పేరుతో వాటిని పిలుస్తారు. ఆ కణాల జాతికి చెందిన కణితి ఇది. పొడవైన పేరును కుదించి జిస్ట్ అంటారు. గోడలో పుట్టి వెలుపలికి పెరుగుతుంది గనుక చాలాకాలం దారి మూసుకుపోదు. పైపొర పుండుపడినప్పుడెల్లా కొద్దికొద్దిగా రక్తం కారుతుంది.

ఫిబ్రవరిలో శస్త్రచికిత్స జరిగింది. కణితిని పగులనీయకుండా, అటూ ఇటూ కొంత మంచి ప్రేగుతో కలిపి కోసి తీసి, కొసలు రెండూ కలిపి కుట్టారు. ప్రేగు కుట్టడమన్న మాట వినగానే మాకు సుశ్రుతుడు తలపునకు వచ్చాడు. ప్రేగు చిల్లి దగ్గర నల్ల గండుచీమల చేత కరిపించి, తలలు నిలిపి, మొండెం తెంపి కుట్టుగా చేయవచ్చునని సుశ్రుత సంహిత చెబుతుంది. అందలూసియాలో అల్ జహ్రావీ కూడ వేయేండ్ల క్రిందట చీమల కుట్టును ప్రస్తావించాడు. ఆపరేషను గది వెలుపల బల్ల మీద కూర్చున్నవాడు ఏమి ఆలోచిస్తాడో వాని వశంలో ఉండదు. ఖర్చులో పెద్ద భాగం ఆరోగ్యశ్రీ భరించింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, ప్రభుత్వం మారినప్పుడెల్లా పేరు మారుతూ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్నది ఆ పథకమే. పేరు ఏదైతేనేమి, ఆ నెల మా ఇల్లు తాకట్టుకు పోలేదు.

ఇక మేము చేసిన తప్పు. కణితి కోసిన పది దినాలకు పరీక్ష ఫలితం వచ్చింది. జిస్ట్ అని రూఢి అయింది; కణవిభజన ఎక్కువగా ఉన్నది గనుక తిరిగి వచ్చే ప్రమాదం అధికమన్నారు. అన్నదమ్ములం కూర్చొని, ఈ మాట ఆయనకు చెప్పవద్దని తీర్మానించుకొన్నాము. "గడ్డ తీసేశారు బడే అబ్బా, బలానికి ఒక మాత్ర వేసుకోవాలి" అన్నాము. నెల తరువాత ఆయనను వెంటబెట్టుకొని విశాఖకు బస్సులో పోతున్నాము. అగనంపూడిలో కండక్టరు "కేన్సర్ ఆసుపత్రి దిగేవాళ్ళు రండి" అని కేక వేశాడు. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి అక్కడ ఉన్నది. ఇద్దరు ముగ్గురు దిగారు. బడే అబ్బా వారిని చూస్తూ, మా వైపు తిరుగకుండానే, "హమ్ యహా నహీ ఉతర్నా, బేటా?" అన్నారు. మనం ఇక్కడ దిగనక్కర లేదా అని.

మాకు నోట మాట రాలేదు. ఇంగ్లీషువారి కేన్సర్ అన్నా, సంస్కృతంలో కర్కటమన్నా, అరబ్బీ ఉర్దూలలో సర్తాన్ అన్నా అర్థం ఒక్కటే, పీత అని. ఇది తరగతిలో చెప్పవలసి వస్తే గంటసేపు చెప్పగలం. ఆ బస్సులో ఒక్క మాట చెప్పలేకపోయాము. ఆయనే అన్నారు: "నలభై ఏళ్ళు కాటా కాడ నిలబడ్డాను. దిమ్మ రంగు మెరుస్తుంటే లోపల పాకం బాగుందని చెప్పినోళ్ళని ఎంతమందిని చూశానో. మీ మొహాలు మెరుస్తున్నాయిరా." తరువాత కొంతసేపటికి నల్లని విరేచనం సంగతి, మందుల దుకాణం సంగతి, పెండ్లి సంగతి తామే చెప్పుకొచ్చారు. అంతవరకు మాకూ తెలియదు. గాజువాక వచ్చేసరికి ఇద్దరి దగ్గరా దాచుకొన్నది ఏమీ మిగులలేదు.

ఆ రోజున వైద్యుడు ఆయనకే ఎదురుగా కూర్చొని అన్నీ చెప్పాడు. మాత్ర పేరు ఇమాటినిబ్. రోజుకు నాలుగు వందల మిల్లీగ్రాములు, మూడేండ్లు. మామూలు కేన్సర్ మందులకు గాని, రేడియేషనుకు గాని జిస్ట్ అంతగా లొంగదు. రక్తకేన్సర్‌లో ఒక రకానికి చేసిన ఈ మాత్రను 2000లో ఫిన్లాండులో ఒక స్త్రీకి మొదటిసారి జిస్ట్ కోసం ఇచ్చారు; కణితులు కృశించాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి శస్త్రచికిత్స తరువాత ఒక ఏడు కంటె మూడేండ్లు వాడడం మేలని 2012లో తేలింది. ఆహారంతోపాటు, పెద్ద గ్లాసుడు నీటితో మింగవలె. కనురెప్పలు వాయడం, వికారం, పిక్కలు పట్టడం ఉంటాయి. మొదటి రంజాన్‌లో రోజా ఉండరాదన్నారు. బడే అబ్బా ఆ నెలంతా ఎవరి కంటా పడకుండా వంటింట్లో కూర్చొని మధ్యాహ్న భోజనం చేసేవారు. దొంగతనం చేస్తున్నవాని వలె ఉన్న ఆ కూర్చొనే తీరు చూచి మా పెద్దమ్మ కంట తడిపెట్టేది. ఆమె కూడ ఆయనతోపాటు నాలుగు ముద్దలు తింటానన్నది, ఆయన ఒప్పలేదు.

ఈ మాత్ర ఖరీదును గూర్చి చెప్పవలసినది ఒకటున్నది. విదేశీ సంస్థ నోవార్టిస్ వారి ఇమాటినిబ్ ఒకప్పుడు నెలకు లక్షా ఇరవై వేల రూపాయలు ఉండేది. హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి సంస్థలు అదే మందును ఎనిమిది, పది వేలకు అందించాయి. నోవార్టిస్ పేటెంటు కోరగా 2006లో చెన్నైలోని పేటెంటు కార్యాలయం తిరస్కరించింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. పాత పదార్థానికే క్రొత్త రూపమిచ్చి, చికిత్సలో దాని గుణం పెరిగినట్టు చూపలేకపోతే పేటెంటు లేదని, 2013 ఏప్రిల్ 1న న్యాయమూర్తులు ఆఫ్తాబ్ ఆలం, రంజనా దేశాయి తీర్పు చెప్పారు. ఆనాడు మేము ఆ వార్త పత్రికలో చూచి పుట తిప్పేసి ఉంటాము. నేడు మాకు ఆ మాత్రలకు నెలకు అయ్యేది రెండు మూడు వేలు. లక్షా ఇరవై వేలే అయి ఉంటే, ఆయన చెప్పకుండా దాచినది నల్లని విరేచనం ఒక్కటే అయి ఉండేది కాదు. మాత్ర మింగడం మానివేసి మింగినట్టు కూడ చెప్పి ఉండేవారు.

ఇంట్లో ఇప్పుడు ఇనుము మాత్ర లేదు. హిమోగ్లోబిన్ పన్నెండున్నర. ఆయన మార్కెట్టుకు పోవడం మానలేదు; కాటా దగ్గర కాదు, అరుగు మీద కూర్చొని వచ్చినవారితో ధరల ముచ్చట. మాత్రల లెక్కకు పాత చిట్టా పుస్తకం ఒకటి తెరిచారు. మింగిన మాత్రకు ఒక గీత, పది గీతలకు ఒక అడ్డగీత, బెల్లం దిమ్మలు తూచినప్పటి పద్ధతియే. స్కాను తేదీలు ఎర్ర సిరాతో వ్రాస్తారు. మొన్న మేము పోయినప్పుడు వచ్చే స్కాను తేదీ వ్రాసి ఉన్నది, దాని ప్రక్కన మా పేరు. ఆ రోజున మీకు తరగతులు ఉన్నాయేమో చూచుకొని చెప్పండి అన్నారు.